మిద్దె మీద గెనిమ

మొన్న మా వీధిలో ఒక ఇంటివాళ్ళు వంటగదికీ హాలుకూ నడుమ ఉన్న గోడ తీయించి రెండూ ఒకటి చేసుకుంటూ, ఎందుకైనా మంచిది ఒకసారి చూసి పొమ్మని నన్ను పిలిచారు. కర్నూలులో నన్ను ఎరిగిన నాలుగు వీధులవాళ్ళకూ ఇది మామూలే. నేను ఇంజనీరును కాను, పదో తరగతితో చదువు ముగిసినవాణ్ణి, కానీ ఏ దూలం ఎంత మోస్తుందో, ఏ గోడ తీస్తే పైనున్నది ఎటు వాలుతుందో లెక్క వేసి చెప్పడమే ఇన్నేళ్ళుగా నా బతుకుతెరువు. వెళ్ళి చూస్తే పని పద్ధతిగానే జరుగుతోంది. గోడకు రెండు పక్కలా ఇనుప జాకీలు వరుసగా నిలబెట్టి, వాటి మీద అడ్డపట్టెలు బిగించి, కింద బండలు పగలకుండా మందపాటి పలకలు వేసి ఉన్నారు. అవతల పక్క ఇంటావిడ, ఇవతల పక్క ఇంటాయన నిలబడి, అప్పుడే పగిలిన సందులోంచి ఒకరినొకరు చూసుకుని చిన్నపిల్లల్లా నవ్వుకుంటున్నారు. ఆ నవ్వు చూశాక నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. అంతా సరిగానే ఉందని చెప్పి, వాళ్ళిచ్చిన కాఫీ సగంలోనే వదిలి ఇంటికి వచ్చేశాను. ఇంట్లో ఏమైందని అడిగితే దుమ్ము పడలేదని అన్నాను గానీ, నా కళ్ళకు కట్టింది ఆ దుమ్ము కాదు, పత్తికొండ దగ్గర మా పల్లెలో, మా పాత ఇంటి నట్టనడుమ లేచిన దుమ్ము.

మీలో మట్టిమిద్దెల కింద పుట్టి పెరిగినవాళ్ళకు నేను వివరించి చెప్పనక్కర లేదు. రాతిగోడల మీద పెద్ద దూలం, దూలం మీద వరసగా దంతెలనే సన్న వాసాలు, దంతెల మీద కట్టెపుల్లలూ కంపా పరిచి, దాని మీద మన్ను మెత్తి, అన్నిటికీ పైన చవుడు పోస్తే అది మిద్దె. చవుడంటే చవిటి నేలల్లో దొరికే తెల్లటి మన్ను. తడిస్తే జిగటగా పట్టుకుని చుక్క నీటిని కిందికి దిగనివ్వదు. ఏటా ముంగారు వానలకు ముందు ఊరంతా బండ్లు కట్టుకుని వంక ఒడ్డుకు పోయి ఆ మన్ను తోలుకొచ్చేవాళ్ళు, ఆడవాళ్ళు గంపలతో మిద్దెల మీదికి మోసేవాళ్ళు, సాయంత్రానికి అందరి తలలూ బూడిద పూసుకున్నట్లు తెల్లబడేవి. అంతా అయ్యాక మిద్దెల మీదే కూర్చుని బొరుగులు తినేవాళ్ళం. ఎండాకాలంలో కిందికంటే చల్లగా, చలికాలంలో బయటికంటే వెచ్చగా ఉండే ఆ ఇళ్ళ సుఖం ఇప్పుడు ఏ యంత్రం పెట్టినా రాదు. అయితే అందులో ఒక సంగతి ఉంది. కొత్త మన్ను ఏటా పైకి ఎక్కుతుందే గానీ, పాత మన్నును దించాలని ఎవరూ అనుకోరు. మిద్దె మీది మన్ను దించడమంటే ఇల్లు ఎత్తేయడమని మావాళ్ళ లెక్క.

మా ఇంట్లో అన్నిటికంటే గొప్పది పడసాల. తూర్పు వీధి నుంచి పడమటి సందు దాకా పొడుగ్గా ఉండేది, మా నాయన తండ్రి జేజినాయన హయాంలో పెళ్ళి బంతులు అందులోనే లేచేవట. దాని సరిగ్గా నడుమ, ఈ పక్క గోడ నుంచి ఆ పక్క గోడకు అడ్డంగా ఒక పెద్ద దూలం ఉండేది, రెండు వైపుల దంతెలూ దాని మీద తల పెట్టుకుని ఉండేవి. జేజినాయన పోయాక, ఒక కరువు ఏడు, బావిలో ఉన్న కాసిని నీళ్ళు ఎవరి మడికి ముందు పారాలనే దగ్గర మా నాయనకూ మా పెద్దనాయనకూ మాట పడింది. మాట పెరిగి పాలు పంచుకునేదాకా పోయింది. పెద్దమనుషులు వచ్చి చేన్లు పంచారు, ఎద్దులు పంచారు, ఇంటి దగ్గరికి వచ్చేసరికి తలెత్తి పైకి చూసి, ఆ దూలమే హద్దు అన్నారు. దాని కడుపు కిందే, నేల నుంచి దూలం దాకా, రాళ్ళూ మట్టీ పెట్టి గోడ లేపారు. వీధి వాకిలి పెద్దనాయనకు పోయింది, మేము పడమటి సందులోకి కొత్తగా వాకిలి తెరుచుకున్నాం. అప్పటిదాకా ఒక పరుగులో చేరే చోటికి, అప్పట్నుంచి చర్చి సందు తిరిగి, రచ్చకట్ట దాటి, వీధిలోంచి పోవాల్సి వచ్చింది. పోయేవాళ్ళు కూడా ఎవరూ లేరు. కానీ గోడ గోడే, మనుషులు మనుషులే. పెద్దనాయన రోజూ తెల్లారుజామున గొంతు సవరించుకోవడం మాకు వినపడేది, అది విన్నాకే మా నాయన లేచేవాడు. మాటలు లేని అన్నేళ్ళూ ఆయన్ను నిద్రలేపింది అన్నే.

గోడ కింద లేచినా తగవు మాత్రం మిద్దె మీదికి ఎక్కింది. పడసాల రెండైనా మిద్దె ఒకటే కదా, తన పక్క పడిన వాన తన పక్కే దిగాలి గానీ అవతలివాళ్ళ నీళ్ళు తన మీదికి రాకూడదని రెండు పక్కలవాళ్ళకూ పంతం. అందుకని చవుడు పోసేటప్పుడు ఇద్దరూ అంచుల దగ్గర పలుచగా, నడుమ హద్దు దగ్గర మందంగా పోసేవాళ్ళు. మా అమ్మ ఈ ఏడు నాలుగు గంపలు ఎక్కువ పోస్తే వచ్చే ఏడు మా పెద్దమ్మ ఇంకో నాలుగు పోసేది. వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకోరు గానీ, మిద్దె ఎక్కితే మాత్రం నోరు ఊరుకునేది కాదు.

“మిద్దెకు మన్ను పోస్తాండారా, కొండ కడ్తాండారా? రేపు దీని మీద గుడి గూడా లేపుతారేమో!” అని పెద్దమ్మ గాలితో అన్నట్లు అనేది.

“నీ కొండ పక్కన మాది చీమల పుట్టే గదక్కా. గుడి నువ్వు కట్టు, టెంకాయ నేను తెస్తా” అని అమ్మ కూడా గాలికే జవాబు చెప్పేది.

అట్లా ఏటేటా పెరిగి ఆ హద్దు మీద మన్ను మోకాలెత్తు దాటింది. చేనికీ చేనికీ నడుమ గట్టును మావైపు గెనిమ అంటారు. మిద్దె మీది ఆ దిబ్బకు కూడా ఊళ్ళో గెనిమ అనే పేరు పడిపోయింది. చేన్లోని గెనిమను ఎట్లా ఎవరూ ఒక్కరే ముట్టుకోరో, మిద్దె మీది గెనిమను కూడా అట్లాగే ఎవరూ ఒంటరిగా ముట్టుకునేవాళ్ళు కాదు. మన్ను పోయడానికి అభ్యంతరం లేదు, తీయడానికి మాత్రం ఇద్దరూ ఉండాలి. ఇది ఎవరూ రాసిపెట్టిన కట్టుబాటు కాదు, అయినా దానికున్నంత బలం ఏ కాగితానికీ ఉండేది కాదు.

నేను పదో తరగతి అయ్యాక కర్నూలు వచ్చి ఒక సాయిబు మేస్త్రీ దగ్గర సెంట్రింగు పనిలో చేరాను. ఇప్పటిలా ఫోను నొక్కితే లెక్క వచ్చే రోజులు కావు. ఓవర్సీర్లు మాట్లాడుకుంటుంటే చెవులు అప్పగించేవాణ్ణి, అర్థం కానిదాన్ని తూచి చూసుకునేవాణ్ణి. నాకు అదొక పిచ్చి. ఇటుకను తూచేవాణ్ణి, తడిపి మళ్ళీ తూచేవాణ్ణి. నాపరాయి తూచేవాణ్ణి. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు మా మిద్దె అంచున అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు చవుడు కోసి, గోనెలో కట్టి, వేరుశనగ కొనే మండీలో కాటా మీద పెట్టాను. తర్వాత దాని మీద బిందెడు నీళ్ళు పోసి, ఇంకాక మళ్ళీ పెట్టాను. రెండోసారి ముల్లు ఎక్కడిదాకా పోయిందో చూసి మండీవాళ్ళు నవ్వారు గానీ నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ రోజు ఇంటికి పోయి మంచంలో పడుకుని మిద్దె వంక చూస్తే, పైన ఉన్నది మా ఇంటి కప్పు కాదు, వానకోసం కాచుకుని కూర్చున్న బరువు అనిపించింది.

పెద్దనాయన చాలా ఏళ్ళు బేతంచెర్ల వైపు నాపరాతి గనుల్లో పనిచేశాడు. ఆ దుమ్ము ఆయన రొమ్ములో పేరుకుంది. నాకు పాతికేళ్ళు వచ్చేసరికి ఆయన నాలుగడుగులు వేస్తే ఐదో అడుగుకు గోడ పట్టుకునే స్థితికి వచ్చాడు. కర్నూలు పెద్దాసుపత్రిలో చూపించి తెచ్చారు, మందులిచ్చారు, వానాకాలం చలిగాలి తగలనివ్వొద్దన్నారు. దాని అర్థం ఏమిటో అందరికీ తెలుసు. ఆ ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున ఆయన వీధి చుట్టూ తిరిగి, మధ్యలో రెండుచోట్ల కూర్చుని లేచి, మా పడమటి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. గోడ లేచాక ఆయన మా గడప తొక్కడం అదే మొదలు. మా అమ్మ చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది. ఆయన మంచం మీద కూర్చుని, ఊపిరి కుదుటపడేదాకా ఆగి, నాయనతో అన్న మాట, అమ్మ చెప్పగా విన్నదే అయినా, ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

“రేయ్, నాకు ఈ వానలు దాటవు. గోడ తీసేద్దాం. నాయన కూచున్న పడసాలలో మనిద్దరం ఒగ బంతిలో కూచోని ఒగ పూట తినల్ల. నేను పోయినాక నన్ను పండబెట్టేది గూడా ఆ పడసాలలోనే, సగంలో గాదు.”

నాయన లేచి లోపలికి పోయి, గోడకు అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. బయటికి వచ్చి, “శానా దూరం నడిచినావు గదన్నా, ఆ సందులో నుంచి” అన్నాడు. అంతే, ఆ అన్నదమ్ముల రాజీ అక్కడితో అయిపోయింది. పెద్దమనుషులెవరూ రాలేదు. మా పెద్దమ్మ ఆ సాయంత్రమే గోడ అవతల నుంచి గొంతెత్తి, “ఏమే, టెంకాయ తెస్తానన్నావు, యాడుండాది?” అని అరిచింది. మా అమ్మ నవ్వబోయి కూర్చుని ఏడ్చింది.

నాకు కబురు వచ్చింది. లెక్కలు చూసేవాడు ఇంట్లోనే ఉండగా బయటివాడెందుకని నాయన అన్నాడట. ఆ మాటకు నా మనసు ఎంత పొంగిందో ఇప్పుడు చెప్పుకుంటే చిన్నతనంగా ఉంటుంది. మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాను. ఇద్దరం నిచ్చెన వేసుకుని దూలాన్ని ఈ కొస నుంచి ఆ కొసదాకా సుత్తె పిడితో తట్టుకుంటూ పోయాం. కొసల్లో గట్టిగా మోగింది, నడుమకు వచ్చేసరికి ఖాళీ డబ్బా చప్పుడు. చెదలు లోపలంతా తినేసి, పైన పొర మాత్రం మిగిల్చాయి. అంటే దూలం ఎప్పుడో చచ్చిపోయింది, దాని కింద హద్దు కోసం లేపిన గోడే ఇన్నేళ్ళుగా రెండు పక్కల మిద్దెనూ మోస్తోంది. మేము విడిపోవడానికి కట్టుకున్నది లేకపోతే ఇద్దరి ఇళ్ళూ ఎప్పుడో కూలేవి. నిచ్చెన మీద నుంచే ఆ సంగతి చెప్పాను. కింద పెద్దనాయనా, అన్న పక్కకు వచ్చి నిలబడిన నాయనా ఏమీ అర్థం కానట్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అయినా దారి లేకపోలేదు. ఇట్లాంటి పని చేసే పద్ధతి ఒకటి ఉంది. ముందు పైనున్న బరువు దించాలి. తర్వాత గోడకు రెండు వైపులా దంతెల కింద అడ్డంగా దుంగలు పెట్టి, వాటి కింద ఊతకట్టెలు నిలబెట్టి, కింద పలకలు వేసి, చెక్క చీలికలు కొట్టి బిగించాలి. ఊతాలను మా పనివాళ్ళు పోట్లంటారు. పోట్లు ఒక పక్కే పెడితే రెండో పక్క వాలుతుంది, గనుక రెండు పక్కలా ఉండాలి. అప్పుడు గోడ పై నుంచి వరస వెంట వరస తీసి, పుచ్చిన దూలం కోసేసి, ఆ చోట ఇనుప దూలం ఎక్కించాలి. దాని కొసలు ఆనే చోట పక్క గోడల్లో పెద్ద రాయి దిమ్మెలు కూర్చోబెట్టాలి, లేకుంటే బరువంతా ఒకచోట గుచ్చుకుని రాతిగోడ చీలుతుంది. అన్నీ బిగిశాక రోజుకు కొంతగా పోట్లు వదులు చేయాలి. నేను లెక్క వేశాను, మేస్త్రీ తల ఊపాడు. గుంతకల్లు నుంచి పాత రైలు పట్టాలు రెండు తెప్పించి వీధి వాకిట్లో పెట్టాం. పెద్దనాయన వాటిని తడిమి చూసి, “రైలు ఎక్కల్లని శానా దినాలు అనుకుంటి. అదే మన ఇంటికొచ్చింది” అని నవ్వాడు, ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది.

మన్ను దించడం దగ్గర వచ్చింది చిక్కు. మిద్దె మన్ను దించడం కీడు అని మొదట గొణిగినా, రెండు ఇళ్ళవాళ్ళూ ఒప్పుకుని ఎవరి పక్క వాళ్ళు పైపొర దించారు. దించుతూ దించుతూ నడుమకు వచ్చి, గెనిమ దగ్గర రెండు పక్కలా పారలు ఆగిపోయాయి. దాన్నే కదా ముందు తీయాల్సింది, అన్నిటికంటే బరువు అక్కడే ఉంది అని నేను మొత్తుకున్నాను. నాయన నా వైపు జాలిగా చూశాడు. గెనిమ తీయడమంటే పొత్తు కలవడం, పొత్తు కలిసేది గోడ పోయాక, గోడ నడుమ ఉండగానే గెనిమ మీద గడ్డపార వేస్తే అది మాట తప్పడమవుతుందని ఆయన వాదం. గోడ పోయిన రోజు అన్నా తానూ మిద్దెక్కి ఒకే గడ్డపార ఇద్దరూ పట్టుకుని తీస్తామని, అది శాస్త్రమని అన్నాడు. పెద్దనాయన మంచంలో నుంచే అదే మాట అన్నాడు. ఇన్నేళ్ళూ దేనికీ ఒప్పుకోని అన్నదమ్ములు ఆ ఒక్కదానికి ఒక్క గొంతు అయ్యారు.

“ఏమప్పా, నెత్తిన మూట దించకుండా కాళ్ళు తీసేద్దామంటాండారే మీరు!” అన్నాడు మేస్త్రీ.

“కాళ్ళు నువ్వు పెడ్తాండావు గదా సాయిబూ, ఇంగో నాలుగు ఎక్కువ పెట్టు” అన్నాడు పెద్దనాయన.

మేస్త్రీ నా వంక చూశాడు. పోట్లు ఎన్ని పెంచితే ఆ గెనిమను కూడా మోస్తాయో నేను మళ్ళీ లెక్క వేశాను, తడిమన్ను బరువు వేసుకునే వేశాను. అన్ని పోట్లూ పెట్టాం. ఆ లెక్కలో తప్పు లేదని తర్వాత ఎన్నోసార్లు చూసుకున్నాను. ఆ పోట్లలో ఒక్కటి కూడా విరగలేదు. ఆ మాట తలుచుకుంటే నాకు కొంతైనా ఊరట కలగాలి. కలగదు.

గోడ తీసిన రోజు ఉదయం టెంకాయ కొట్టింది మా అమ్మ. పెద్దనాయనను బయట వేపచెట్టు కింద ఉండమంటే వినలేదు, తన పక్క పడసాలలోనే మంచం వేయించుకున్నాడు. పై వరస రాళ్ళు ఊడదీసేసరికి వాళ్ళ మిద్దెలో వెలుతురుకు వదిలిన గవాక్షిలో నుంచి పడే ఎండ, అన్నేళ్ళ తర్వాత మా పక్క నేల మీద పడింది. మా అమ్మ ఆ ఎండలోకి వచ్చి ఊరికే నిలబడింది. గోడ ఛాతీ ఎత్తుకు దిగాక పెద్దనాయన మంచం మీద లేచి కూర్చుని మా పక్కకు తొంగిచూసి, “ఏమిరా, మీ పక్క ఇంత మసి ఉండాదే! పొయ్యి ఈడనే పెట్టినారా?” అన్నాడు. “నువ్వు వీధి వాకిలి తీసుకుంటివి, పొగ పొయ్యేదానికి మాకు దారి యాడుండాదన్నా?” అన్నాడు నాయన. అందరం నవ్వాం. పెద్దమ్మ ఆ పక్క నుంచి గిన్నె అందిస్తే అమ్మ ఈ పక్క నుంచి అందుకుంది. అందులో ఏముందో కూడా చూడకుండా రొమ్ముకు హత్తుకుంది. గోడ నడుము ఎత్తుకు వచ్చింది. సాయంత్రానికి బంతి వేసుకుందామని అన్నం కూడా ఒకే పొయ్యి మీద ఎసరు పెట్టారు.

మధ్యాహ్నం దాటాక గాలి ఆగిపోయింది. అది వానలు పడే కాలం కాదు. మా సీమలో వాన కోసం కప్పలకు పెళ్ళిళ్ళు చేసినా రాని రోజులు ఎన్ని చూశామో మీకూ తెలుసు. ఆ రోజు ఎవరూ పిలవకుండా వచ్చింది. ఈదురుగాలి, దాని వెనకే బొట్టుకు గుప్పెడు నీళ్ళు ఉన్నట్లు వాన. మొదట ఎవరూ భయపడలేదు, వాన శుభమన్నారు. నాకు మాత్రం మిద్దె మీద పరిస్థితి కళ్ళకు కట్టింది. రెండు పక్కలా పైపొర దించడం వల్ల ఇప్పుడు మన్ను మట్టం నీళ్ళు దిగే దోనెల కంటే కిందికి పోయింది, నడుమ గెనిమ అడ్డంగా కూర్చుని ఉంది. పడిన వాన పడినట్లే దానికి అటూ ఇటూ రెండు కుంటల్లా నిలిచింది. జిగట పొర పోయిన మన్ను ఆ నీటిని ఆపలేక తాగేసింది. గెనిమ మొదలు కరిగి, బురద పుచ్చిన దూలం పక్క నుంచి పడసాలలోకి జారడం మొదలైంది.

నాయన పార తీసుకుని మిద్దె మీదికి పోబోతే మేస్త్రీ చెయ్యి పట్టి ఆపాడు, పైన మనిషి బరువు ఒక్కటి తక్కువైందా అని. మేము ఉదయం గోడ నుంచి గోడకు దంతెల కిందుగా ఒక దారం లాగి కట్టి ఉన్నాం, కప్పు కదిలితే తెలియడానికి. ఆ దారానికీ దంతెలకూ నడుమ వేలు పట్టే సందు ఉండాలి. చూస్తుండగానే అది తగ్గి, దంతెలు దారాన్ని తాకాయి. పోట్లు నిలబడే ఉన్నాయి, దుంగలు నిలబడే ఉన్నాయి, కానీ వాటికీ గోడ జాడకూ నడుమ పుచ్చు దూలం మీద తల పెట్టుకున్న దంతెల కొసలు, కింద ఏ ఆధారమూ లేకుండా వేలాడుతూ, ఆ బురద బరువుకు వంగుతున్నాయి. ఇనుప పట్టాలు ఎక్కిద్దామంటే వాటి కొసలకు పక్క గోడల్లో ఇంకా గూళ్ళు తొలవలేదు. తడిసిన మట్టిగోడలో ఆ క్షణాన గునపం పెడితే అదే ఊడి పడుతుంది. నేను వేసుకున్న అంకెల్లో ఏ ఒక్కటీ నాకు అప్పుడు పనికిరాలేదు.

పెద్దనాయనే అన్నాడు, చాలా నెమ్మదిగా.

“గోడ కట్టండిరా.”

నాయన కదలలేదు. పెద్దనాయన మళ్ళీ అన్నాడు.

“రేయ్, ఆడవాళ్ళు ఇంట్లో ఉండారు. కట్టరా.”

తీసిన రాళ్ళు రెండు పక్కలా కుప్పలుగా ఉన్నాయి. పైనుంచి జారిన బురదే మట్టి అయింది. ఆడవాళ్ళను బయటికి పంపి, ఈ పక్క నాయనా మేస్త్రీ, ఆ పక్క మా అన్న, అంటే పెద్దనాయన కొడుకు, రాయి మీద రాయి పేర్చడం మొదలుపెట్టారు. నేను ఈ పక్క రాళ్ళు అందిస్తున్నాను. కాసేపటికి పెద్దనాయన మంచం దిగాడు. ఎవరు వద్దన్నా వినలేదు. రాళ్ళలో పుట్టి రాళ్ళలో పెరిగిన మనిషి, ఏ రాయి ఏ సందులో ఇముడుతుందో చూడగానే తెలిసేది ఆయనకు. రొమ్ము పట్టుకుని, దగ్గుతూ, ఒక్కొక్క రాయి ఏరి గోడ మీద పెట్టేవాడు, ఈ పక్క నుంచి నాయన దాన్ని సర్దేవాడు. తమ్ముడి ఇంటిని తన ఇంటి నుంచి విడగొట్టే గోడను అన్న తన చేతులతో కడుతున్నాడు, అంతకు మించి ప్రేమ చూపించే దారి ఆ మధ్యాహ్నం ఆయనకు మిగలలేదు. వరస పెరిగేకొద్దీ ముందు ఆయన చేతులు, తర్వాత రొమ్ము, తర్వాత గడ్డం, తర్వాత కళ్ళు మాకు కనపడకుండా పోయాయి. చివరికి దూలం కింద అరచేతి మందం సందు మిగిలింది. అందులోకి ఆ పక్క నుంచి ఒక చిప్పరాయి వచ్చింది. దాన్ని నెడుతున్న వేళ్ళు ఒక క్షణం కనపడ్డాయి. రాయి బిగిసింది. నాయన దాని మీద అరచెయ్యి పెట్టి, గోడ లేచిన మొదటి రోజు కూడా అంత ఏడ్వలేదట, అంత ఏడ్చాడు.

కప్పు ఆగింది. ఇళ్ళు రెండూ నిలిచాయి. పొయ్యి మీది అన్నం రెండు గిన్నెల్లో పంచుకుని, ఒక గిన్నె వీధి చుట్టూ వానలో పంపించారు.

ఎండలు రానీ, మళ్ళీ తీద్దాం అనుకున్నాం. ఆ ఏడు ముంగారు ముందుగానే పట్టుకుంది, నేల ఆరలేదు, తడిగోడలు ముట్టుకోవద్దని మేస్త్రీ అన్నాడు. ఆ వానల్లోనే ఒక తెల్లారుజామున నాయన మంచంలో కళ్ళు తెరుచుకుని గోడ అవతలి అలికిడి కోసం చాలాసేపు ఎదురుచూసి, లేచి, చొక్కా కూడా వేసుకోకుండా సందులో నుంచి వీధి చుట్టూ తిరిగి అన్న వాకిట్లోకి పోయాడు. పెద్దనాయనను ఆయన అడిగినట్లు పడసాలలో పండబెట్టాం, కానీ సగంలోనే. దినాల నాడు సగం మంది ఆ పక్క, సగం మంది ఈ పక్క కూర్చుని తిన్నారు. నాయన మాత్రం ఆ పక్క బంతిలో, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు, విస్తరిలో వడ్డించింది వడ్డించినట్లే వదిలేసి లేచాడు.

గోడ తీసే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఎవరికోసం తీస్తాం? గెనిమనైనా తీసేయమని, అది ఉంటే ఇల్లు ఎప్పటికైనా ప్రమాదమని నేను ఎన్నిసార్లు చెప్పినా నాయన తీయలేదు. గడ్డపార రెండో కొస పట్టుకునేవాడు లేడన్నాడు. అట్లాగని చవుడు పోయడమూ మానేశాడు. అమ్మా పెద్దమ్మా ఎంతో కాలం మిద్దె మీద ఆ దిబ్బకు అటు ఒకరూ ఇటు ఒకరూ కూర్చుని వేరుశనగ కాయలు ఒలుచుకునేవాళ్ళు, కానీ పోట్లాడుకునే ఉత్సాహం ఇద్దరికీ పోయింది. ఊళ్ళో నన్ను లెక్కల మనిషి అనడం మాత్రం అప్పుడే మొదలైంది. నాకు ఆ పేరు వినబడినప్పుడల్లా తలెత్తి కప్పు వంక చూసే అలవాటు పట్టుకుంది.

పెద్దవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. మిద్దెలు కూడా పోయాయి. చవుడు తోలే బండ్లు లేవు, మిద్దెలెక్కి మోసే చేతులు లేవు, వంక ఒడ్డున ఆ మన్ను ఎక్కడ దొరికేదో చెప్పగలిగేవాళ్ళు కూడా ఊళ్ళో తక్కువ. మా అన్నా, ఊళ్ళోనే ఉండిపోయిన నా సొంత తమ్ముడూ పాత ఇల్లు రెండు పక్కలా పడగొట్టించి, ఎవరి భాగంలో వాళ్ళు సిమెంటు ఇళ్ళు కట్టుకున్నారు. ఇద్దరి ఇళ్ళకూ పిల్లర్లు ఎంత మందం ఉండాలో, దూలాల్లో ఇనుము ఎంత వేయాలో లెక్క చెప్పింది నేనే. ఇద్దరి మధ్య తగవేమీ లేదు, కనపడితే మాట్లాడుకుంటారు, పండగకు పలకరించుకుంటారు. మధ్య గోడ ఉమ్మడిగా ఒక్కటే కట్టుకుంటే ఖర్చూ చోటూ మిగులుతాయని నేను ఇద్దరికీ చెప్పి చూశాను. ఎందుకులే, ఎవరిది వాళ్ళకుంటే నిమ్మళం అని ఇద్దరూ అన్నారు, కోపంగా కాదు, నవ్వుతూనే అన్నారు.

ఈమధ్య ఊరికి పోయినప్పుడు ఆ రెండిళ్ళ నడుమ నిలబడి చూశాను. జేజినాయన పడసాలలో పెద్ద దూలం ఉన్న చోటు సరిగ్గా అదే. ఇప్పుడు అక్కడ రెండు గోడలు, వాటి నడుమ చెయ్యి దూర్చితే మోచేయి దగ్గర ఆగిపోయేంత సందు, అందులో ఎండ పడదు, పైనుంచి ఏదైనా జారితే తీసుకోవడానికి ఎవరికీ అందదు. రెండు గోడలూ ఏమీ మోయడం లేదు, బరువంతా పిల్లర్ల మీద ఉంది, ఎవరు ఎప్పుడు కావాలన్నా తమ గోడను ఒక పూటలో తీసేసుకోవచ్చు, పైన ఒక పెళ్ళ కూడా రాలదు. కానీ తీయమని అడగడానికి ఊపిరి అందకపోయినా వీధంతా తిరిగి వచ్చేవాళ్ళు ఇప్పుడు ఆ రెండిళ్ళలోనూ లేరు.